కాపీ పెట్టే ముందు

పెళ్లిళ్ల సీజన్ వస్తే హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో వీడియోలు తీసేవాళ్లకు కంటి నిండా నిద్ర ఉండదు. ముహూర్తం తెల్లవారుజామున పడితే, ముందురోజు సాయంత్రం రిసెప్షన్ దగ్గర మొదలైన కెమెరాలు తలంబ్రాల దాకా ఆగవు. ఆ మధ్యలో దొరికిన కాస్త తీరికలోనే కార్డులు ఖాళీ చేసుకోవాలి. కల్యాణ మండపంలో ఓ మూల ల్యాప్‌టాప్ తెరిచి, కార్డు పెట్టి, హార్డ్ డిస్కు తగిలించి, కాపీ పెట్టేసి మళ్లీ స్టేజీ దగ్గరికి పరుగు. ఆ హడావిడిలో పక్కనున్నవాళ్లెవరైనా "ముందు స్పేస్ ఎంతుందో చూడప్పా" అన్నారంటే, ఆ మనిషికి ఈ పని లోతు తెలుసన్నమాట.

లెక్క చూడండి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కే వీడియో తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు నాలుగేసి గంటలు నడిస్తే 360 జీబీ. ఫొటోలు, డ్రోన్ షాట్లు దీనికి అదనం. హార్డ్ డిస్కు సెకనుకు 100 ఎంబీ రాసుకోగలిగితే ఆ 360 జీబీ ఎక్కడానికే సరిగ్గా గంట పడుతుంది. చోటు చాలదన్న సంగతి 50వ నిమిషంలో తెలిస్తే అప్పటికి పురోహితుడు జీలకర్ర బెల్లం పెట్టిస్తూ ఉండొచ్చు.

ఇంత డేటాను ఇంటర్నెట్‌లో పంపేయొచ్చు కదా అనుకోవచ్చు. సెకనుకు 20 మెగాబిట్లు అప్‌లోడ్ అయ్యే లైను మీద 360 జీబీ వెళ్లడానికి 40 గంటలు కావాలి. అదే హార్డ్ డిస్కును సంచిలో వేసుకుని హిందూపురంలో రైలెక్కితే, సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు ఆ పూటే చేరిపోవచ్చు. మూడు ఊళ్లూ బెంగళూరు రైలు దారిలోనే ఉన్నాయి. అందుకే ఇక్కడ ఎడిటింగ్‌కైనా, ఆల్బమ్‌కైనా డిస్కు చేతులు మారడమే తేలిక.

అయితే డిస్కు నిండిపోవడం దానంతటదే పెద్ద నష్టం కాదు. కాపీ ఆగిపోతుంది, అసలు వీడియో కార్డులో భద్రంగానే ఉంటుంది. నష్టం జరిగేది ఆ తర్వాతి రెండు మూడు నిమిషాల్లో. చోటు లేదన్న మెసేజ్ కనబడగానే చెయ్యి డిలీట్ వైపు పోతుంది. పోయిన నెల పెళ్లి ఫోల్డర్ కళ్ల ముందుంటుంది. వాళ్లకు డెలివరీ ఇచ్చేశామా, ఇంకా ఎడిటింగ్‌లో ఉందా అన్నది ఆ నిమిషంలో గుర్తుకు రాదు. విండోస్‌లో హార్డ్ డిస్కు మీద డిలీట్ కొట్టిన ఫైళ్లు మామూలుగా రీసైకిల్ బిన్‌లోకి పోతాయి. బిన్ ఖాళీ చేసేదాకా చోటు పెరగదు. బిన్ పరిమితిని మించిన పెద్ద ఫైలైతే, శాశ్వతంగా పోతుంది సరేనా అని కంప్యూటర్ అడుగుతుంది. కంగారులో ఉన్నవాళ్లు చదవకుండానే సరే అనేస్తారు. అలా ఒక ఇంటి పెళ్లికి చోటు చేయడానికి ఇంకో ఇంటి పెళ్లి చెరిగిపోతుంది. ముందే చోటు చూసుకోవాలని గట్టిగా చెప్పడానికి అసలు కారణం ఇది. పోయే టైము సంగతి దీని తర్వాతే.

కాపీకి బదులు కట్ కొట్టి పేస్ట్ చేసేవాళ్లకు ఇంకో చిక్కు. మధ్యలో డిస్కు నిండితే కొన్ని ఫైళ్లు అక్కడ, కొన్ని ఇక్కడ మిగులుతాయి. ఏ కార్డును ఫార్మాట్ చేయొచ్చో, ఏది చేయకూడదో తేల్చుకోవడానికి రాత్రంతా చాలదు. కెమెరా కార్డు మీద కట్ అన్న మాటే ఎత్తకూడదు.

చోటు చూడటమంటే మిగిలిన అంకె ఒక్కటి చదివేస్తే సరిపోదు. 1 టీబీ అని అట్టపెట్టె మీద రాసిన డిస్కు విండోస్‌లో 931 జీబీగా కనబడుతుంది. ఇందులో మోసమేమీ లేదు. కంపెనీ వేయి చొప్పున లెక్కగడితే, విండోస్ 1,024 చొప్పున లెక్కగడుతుంది. అదే లెక్కన 64 జీబీ పెన్‌డ్రైవ్ 59.6 జీబీ. విండోస్ 62 జీబీ అని చూపించిన ఫోల్డర్‌ను "64 ఉంది కదా" అని అందులో వేయబోతే పట్టదు.

చోటు దండిగా ఉన్నా ఎక్కని సందర్భం కూడా ఉంది. పెళ్లివారికి ఇవ్వడానికి కొన్న 32 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉంటుంది. 6 జీబీ వీడియో ఫైలు మాత్రం ఎక్కదు. ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాటై ఉండటమే కారణం. అందులో ఒక్కో ఫైలు 4 జీబీకి ఒక్క బైటు తక్కువ దాకానే, అంటే 4,29,49,67,295 బైట్ల దాకానే ఉండాలి. 2006లో వచ్చిన ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చి ఫార్మాట్ చేస్తే ఈ అడ్డు తొలగుతుంది. కాకపోతే ఆ ఇంట్లో ఉన్న పాత టీవీ ఎక్స్‌ఫ్యాట్‌ను గుర్తుపట్టకపోవచ్చు. పెన్‌డ్రైవ్ చేతికిచ్చే ముందు, టీవీ ఏ కాలం నాటిదో ఒక మాట అడగడం మంచిది.

ఇదంతా చిన్న స్టూడియోల గొడవ అనుకునేవాళ్లు 2023 ఆగస్టును గుర్తు చేసుకోవాలి. ఆ నెల 29న జపాన్‌లో టయోటా కంపెనీ 14 ఫ్యాక్టరీల్లో 28 లైన్లు ఆగిపోయాయి. విడిభాగాల ఆర్డర్లు చూసే సర్వర్లు పనిచేయలేదు. సైబర్ దాడేమోనన్న అనుమానాలు వచ్చాయి. తీరా కంపెనీ చెప్పిన కారణం డిస్కులో చోటు చాలకపోవడం. ఆగస్టు 27న మెయింటెనెన్స్‌లో భాగంగా డేటాబేస్‌లో పేరుకున్న డేటాను తొలగించి సర్దుతున్నప్పుడు చోటు చాలక సిస్టమ్ ఆగింది. ఆపద్ధర్మంగా నడవాల్సిన సర్వర్లు కూడా అదే సిస్టమ్ మీద ఉండటంతో వాటికీ అదే గతి పట్టింది. డేటాను ఎక్కువ చోటున్న సర్వర్‌కు మార్చాకే లైన్లు కదిలాయి. పెనుకొండ వాళ్లకు ఈ నష్టం ఎంతటిదో విడమరిచి చెప్పనక్కర్లేదు. వాళ్ల పక్కనే ఎర్రమంచి దగ్గర 2019లో కియా కార్ల ఫ్యాక్టరీలో ఉత్పత్తి మొదలైంది. ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో కట్టిన ఆ ఫ్యాక్టరీ చుట్టూ ఎన్ని కుటుంబాల బతుకు తిరుగుతోందో వాళ్లు రోజూ చూస్తున్నారు. ఒక్క పూట లైను ఆగడమంటే ఏమిటో వాళ్లకు తెలుసు.

టయోటా కథలో గమనించాల్సింది ఇంకొకటుంది. అక్కడ పనివాళ్లు కొత్తగా ఏమీ కుక్కలేదు, పాతది తీసి సర్దుతున్నారు. సర్దడానికీ చోటు కావాలి. జిప్ ఫైలు విప్పినా, వీడియో రెండర్ చేసినా, చివరి ఫైలుకు పట్టే చోటు కాక మధ్యలో తాత్కాలికంగా వాడుకునే చోటు వేరే ఉంటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కాష్ ఫైళ్లు సీ డ్రైవ్‌లో గుట్టలుగా పడి, డీ డ్రైవ్ ఖాళీగా ఉన్నా పని ఆగిపోయే సందర్భాలు స్టూడియోల్లో మామూలే.

పట్టుచీరలు నేసే ధర్మవరంలో డేటాకు చోటు లెక్కగట్టడం కంప్యూటర్ల కన్నా ముందునుంచే ఉంది. జాకార్డు మగ్గం మీద పేక ఒక్కసారి పోవడానికి ఒక అట్ట కావాలి. అట్టలోని రంధ్రం ఉన్నచోట పడుగు లేస్తుంది, లేనిచోట లేవదు. బుటా పెద్దదైతే, అంచు డిజైన్ పొడవైతే అట్టలు పెరుగుతాయి. దండలా కుట్టిన ఆ అట్టలన్నీ మగ్గం పైనే వేలాడాలి, ఇంటి కప్పు ఎత్తు ఎంతో అంతే. 1839లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో, ఈ మగ్గానికి పేరిచ్చిన జాకార్డ్ బొమ్మను పట్టులో నేసినప్పుడు 24,000 అట్టలు పట్టాయి. ఇప్పుడు ధర్మవరం డిజైనర్లు బొమ్మను కంప్యూటర్‌లో గీస్తున్నారు, ఫైలు పెన్‌డ్రైవ్‌లో చిటికెలో సర్దుకుంటుంది. అయినా కొత్త డిజైన్ చూపిస్తే నేతగాడు ముందు అడిగేది అట్టలు ఎన్ని పడతాయనే. డిజైన్ ఎంత అందంగా ఉన్నా మగ్గానికి పట్టకపోతే పని మొదలుపెట్టరు. ఆ జాగ్రత్త స్టూడియోల్లో కూడా అంతే సహజంగా రావాలి.

చూసుకోవడం ఎంత సులువో చెప్పుకోవాలి. విండోస్‌లో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూస్తే దాని సైజు తెలుస్తుంది, డ్రైవ్ మీద అలాగే చేస్తే ఖాళీ తెలుస్తుంది. లైనక్స్‌లో డీఎఫ్ కమాండు ఉంది. 1971 నాటి యూనిక్స్ తొలి ఎడిషన్‌లోనే అది ఉందంటే, ఈ పని అవసరం ఎంత పాతదో ఊహించుకోవచ్చు. లైనక్స్‌లో కాపీ చేసే సీపీ కమాండు ముందుగా చోటు చూడదు, నిండేదాకా రాసుకుంటూ పోతుంది. చూసుకోవాల్సింది మనిషే. వెళ్లాల్సిన దానికన్నా కనీసం పదో వంతు ఎక్కువ ఖాళీ ఉంటేనే మొదలుపెట్టడం మేలు. ఒకే డిస్కులోకి రెండు కార్డులు ఒకేసారి పెడుతుంటే రెండింటి సైజూ కూడి చూడాలి. విడివిడిగా చూస్తే రెండూ పట్టేలాగే కనబడతాయి.

చాలదని తేలితే చెరపడానికి కూర్చోవద్దు. సంచిలో ఖాళీ డిస్కు ఇంకొకటి ఉండాలి, దాని ఖర్చును పెళ్లి ప్యాకేజీలోనే వేసుకోవాలి. డిలీట్ చేసే పనిని ముహూర్తం లేని రోజుకు, స్టూడియోలో డెలివరీ రిజిస్టర్ ఎదురుగా పెట్టుకుని చేసుకోవచ్చు. ఇక కాపీ పూర్తయ్యాక ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు రెండూ కార్డుతో సరిచూడాలి. కేబుల్ మధ్యలో ఊడితే సైజు పూర్తిగా కనబడినా లోపల సగమే ఉండొచ్చు. అందుకే ప్రతి వీడియోనూ తెరిచి చివరి అర నిమిషం నడిపి చూడాలి. చాలా కెమెరాలు ఎంపీ4 ఫైలు సూచికను చివర్లోనే రాస్తాయి కాబట్టి, తెగిపోయిన ఫైలు సాధారణంగా తెరుచుకోనే తెరుచుకోదు. అన్నీ నడిచాక రెండో డిస్కుకు ఇంకో కాపీ పెట్టాలి, దాని ఖాళీ కూడా చూసుకునే. ఆ రెండో కాపీ కూడా సరిచూశాకే కార్డును ఫార్మాట్ చేయాలి.