పేరు అడిగిన కెమెరా

హైదరాబాద్ మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఇండియన్ ఫొటోగ్రఫీ ఫెస్టివల్ జరిగినప్పుడు దేశదేశాల డాక్యుమెంటరీ ఫొటోలు గోడలకెక్కుతాయి. ఆ గ్యాలరీ చుట్టూ లేచిన అద్దాల భవనాలకు ఇటుకలు మోసినవాళ్లలో కరువు తరిమితే వచ్చిన పాలమూరు (మహబూబ్‌నగర్) జనం ఎందరో. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకునే నాటికే ‘పాలమూరు లేబర్’ అన్న మాట దేశంలోని డ్యాముల దగ్గర, కాలువల దగ్గర పాతబడిపోయింది. వరదొస్తే కెమెరాలు పరుగెత్తుకొస్తాయి. కరువు చప్పుడు చేయదు; ఏటేటా కొన్ని ఇళ్లకు తాళాలు వేయిస్తూ పోతుంది. ఆ చప్పుడు లేని కరువును చూపించడమే డాక్యుమెంటరీ ఫొటోకు అసలు పరీక్ష.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ పని చెడ్డగానే మొదలైంది. రాయలసీమను కూడా కుదిపేసిన 1876–78 కరువులో సైన్యాధికారి విలోబీ వాలెస్ హూపర్ బక్కచిక్కిన మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. వాటిలో ఎముకలు లెక్కపెట్టవచ్చు. ఎవరి పేరూ తెలియదు.

పేరు అడగకపోతే ఏమవుతుంది?

1936లో కాలిఫోర్నియాలోని నిపోమోలో చలికి బఠాణీ పంట పాడై, కూలి దొరకని ఒక తల్లిని అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరొథియా లాంజ్ ఫొటో తీసింది. గుడారం దగ్గర ఒక్కో అడుగూ ముందుకు జరుగుతూ, చివరికి ఆ ముఖమూ పిల్లలూ మాత్రమే ఫ్రేములో మిగిలేలా తీసింది. పనితనంలో అది గొప్ప ఫొటో, అందులో సందేహం లేదు. కానీ ఆమె పేరు అడగలేదని లాంజే తర్వాత రాసుకుంది. ధూళి తుఫానుల వల్ల ఊరు విడిచిన మనిషిగా లోకం ఆ తల్లిని దశాబ్దాలపాటు తలచింది. నిజానికి ఆమె ఆ తుఫానులకు చాలా ముందే ఓక్లహోమా వదిలి వచ్చింది. ఆ సంగతి బయటపడేసరికి ఆమె ముసలిదైపోయింది. ఆ ఫొటో తీయకుండా ఉంటే బాగుండేదని కూడా అంది.

మంచి డాక్యుమెంటరీ ఫొటోగ్రాఫర్ అందుకే ముందు కూర్చుని మాట్లాడతాడు. కెమెరాను ఎదుటి మనిషి కంటి ఎత్తులో పట్టుకుంటాడు. పైనుంచి తీస్తే మనిషి బిచ్చమడుగుతున్నట్టు కనిపిస్తాడు. కన్నీళ్ల ముఖం ఒక్కటే తీసుకుని వెళ్లిపోడు. బస్సెక్కించిన మూటలు, ఊళ్లో మిగిలిన ముసలివాళ్లు, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని కంకర మోసే తల్లులు, అన్నీ వరుసగా ఉంటేనే వలస అర్థమవుతుంది. ఫొటో కింద ఊరు, తేదీ, పని, ఇష్టపడితే పేరు ఉండాలి. కూలి ఎంతో రాస్తే ఇంకా మంచిది.

పాలమూరు నుంచి ముంబై వెళ్లే వలస బస్సుల గురించి 2003లో రాసిన పాత్రికేయుడు పి. సాయినాథ్ ఈ దారిని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. 1993–2002 మధ్య గ్రామీణ స్త్రీల శ్రమను ఫొటోలు తీసి, వాటి ప్రదర్శనను ఫ్యాక్టరీ గేట్ల దగ్గర, బస్టాండుల్లో, రైల్వే స్టేషన్లలో పెట్టారు. 2014లో ఆయన మొదలుపెట్టిన ‘పరి’ వెబ్‌సైట్‌లో ఫొటోతోపాటు మనిషి పేరు, ఊరు, జిల్లా కనిపిస్తాయి. ఆ కథనాలు తెలుగులోనూ చదవొచ్చు.

మాదాపూర్ గోడల మీది ఫొటోలు కూడా కొన్నాళ్లు కూలీల అడ్డాలకు, మహబూబ్‌నగర్ బస్టాండుకు వెళ్లాలి. ఫొటో కింద రాసిన ఊరు సరైనదో కాదో చెప్పగలిగినవాళ్లు అక్కడే ఉంటారు.