లోపం ఆచూకీ తీసేవాళ్లు

కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతే తెర మీది సందేశాన్ని మనం నమ్ముతాం. రిపేరు తెలిసినవాడు నమ్మడు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో మంచి పనివాళ్లను గమనించండి. ర్యామ్ తీసి, దాని అంచును పెన్సిల్ రబ్బరుతో తుడిచి, ఒక్కొక్కటిగా పెట్టి, మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్ నడుపుతారు. ఒకసారికి ఒకటే మార్చాలి. ఆ ఓపికే ఈ విద్యకు ప్రాణం.

అసలు చిక్కంతా ప్రాసెసర్ దగ్గర. 2011లో ఇంటెల్ చిప్‌లలోకి ఏవీఎక్స్ ఆదేశాలు వచ్చాయి. వాటిని వాడుకునేలా తయారైన ప్రోగ్రాము, అవి లేని చిప్ మీద తెరవగానే మూతపడుతుంది. 2018లో మెషీన్ లెర్నింగ్ సాఫ్ట్‌వేర్ టెన్సర్‌ఫ్లో 1.6 పాత యంత్రాల మీద ఇలాగే మొరాయించింది. ఆ యంత్రాల్లో ఏ లోపమూ లేదు!

ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లది మరో కథ. వీడియో మెమరీ చాలలేదంటూ ఆటలు ఆగిపోయేవి. గ్రాఫిక్స్ కార్డు తప్పేమీ లేదు, ప్రాసెసర్ మితిమీరిన వోల్టేజీ అడిగి తీసుకుని దెబ్బతినేది. 2024 ఆగస్టులో మైక్రోకోడ్ సవరణ వచ్చింది కానీ, అప్పటికే పాడైన చిప్‌ను అది బాగుచేయలేదు. అంత దూరం ఆలోచించి, నిక్షేపంలాంటి కార్డును పారేయనివ్వని మనిషి గొప్పవాడే.

ఏ విడిభాగమూ మార్చకుండా బాగుచేశాడని కూలి తగ్గించకండి.