లైటు ఎప్పుడు వెలిగింది?

విజయవాడ ఆటోనగర్‌లో ఒకప్పుడు లారీ జబ్బు సగం పొగ రంగులోనే తెలిసిపోయేది. నల్లగా వస్తే డీజిల్ సరిగా మండటం లేదని, నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోందని మెకానిక్ షెడ్డు గడపలోనే చెప్పేవాడు. 2017 ఏప్రిల్ 1న దేశమంతటా బీఎస్-4 కాలుష్య ప్రమాణాలు వచ్చాక ఆ కబురు డాష్‌బోర్డు మీది పసుపు లైటు చెబుతోంది. ఆ తరం లారీలకు ఇప్పుడు వయసు మీద పడింది. లైటు వెలుగుతుంది, పికప్ పడిపోతుంది, లోడు దించేలోగా ఆరిపోతుంది. రోజు విడిచి రోజు వచ్చే జ్వరంలా, షెడ్డుకు తెచ్చిన పూట మాత్రం ఏమీ ఉండదు.

ఇలాంటి జబ్బును పట్టుకునే పని స్కానర్ కంటే ముందు మాటతో మొదలవుతుంది.

“లైటు ఎప్పుడొస్తోంది అన్నా? లోడు మీదా, ఖాళీగానా?”

“రెండింటికీ వస్తోంది. వాటర్ సర్వీసింగ్ చేయించినాక మరీ ఎక్కువైంది.”

ఈ జవాబుతో అనుమానం వైరింగు మీదికి మళ్లుతుంది. అదే ఘాట్ ఎక్కేటప్పుడే వస్తోందంటే సైలెన్సర్ వైపు చూడాలి. యూరియా పోయించిన మర్నాడే మొదలైందంటే యూరియా ట్యాంకు మూత తీయాలి.

ఆ తర్వాతే స్కానర్. తొందరపడి అందులో కనిపించే తప్పు కోడ్ చెరిపేస్తే సాక్ష్యం పోయినట్టే. లైటు వెలిగిన క్షణంలో ఇంజన్ వేడి ఎంత, ఆర్‌పీఎం ఎంత, లోడు ఎంత అన్నది చాలా లారీల్లో కోడ్‌తోపాటే నమోదై ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకుని, డ్రైవర్ చెప్పినదానితో సరిపోల్చాలి.

ఎస్‌సీఆర్ అనే పొగశుద్ధి ఏర్పాటు ఉన్న లారీల్లో సైలెన్సర్‌లోకి యూరియా ద్రావణం చిమ్ముతుంది. అందులో యూరియా 32.5 శాతం, మిగతాది శుద్ధిచేసిన నీరు. వేడికి అది అమ్మోనియాగా మారి, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను (నాక్స్) నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. ఆ పని జరిగిందో లేదో నాక్స్ సెన్సర్ చూస్తుంది. ఆక్సైడ్లు ఎక్కువగా ఉన్నాయని కోడ్ రాగానే చాలామంది సెన్సర్ మార్చేస్తారు. అది చాలా ఖరీదైన సామాను. తప్పు మాత్రం ట్యాంకులో కలిసిన నీళ్లదో, నాజిల్‌కు తెల్లగా గడ్డకట్టిన యూరియాదో, సైలెన్సర్ జాయింటు లీకుదో కావచ్చు. అందుకే తక్కువ ఖర్చు పరీక్ష ముందు చేస్తారు. రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద ఒక చుక్క వేసి వెలుతురుకు పెట్టి చూస్తే ద్రావణంలో యూరియా పాళ్లు ఎంతో నిమిషంలో తేలిపోతుంది.

అది సరిగా ఉంటే వైరింగు. భీమవరం, కైకలూరు వైపు చేపల లోడు తోలే లారీల్లో ఐసు కరిగిన నీళ్లు ఛాసిస్ మీదికి కారుతుంటాయి. కప్లర్ విప్పితే పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తుంది. బయటికి బాగున్న తీగలో కూడా లోపల ఒకటి రెండు పోచలే మిగిలి ఉండొచ్చు. అలాంటి తీగకు మల్టీమీటర్ ‘బీప్’ అని పాస్ మార్కులు వేస్తుంది, ఎందుకంటే మీటరు పంపే కరెంటు బహు స్వల్పం. పాత ఎలక్ట్రీషియన్లు దీన్ని నమ్మరు. తీగను సెన్సర్ నుంచీ ఇంజన్ కంప్యూటర్ నుంచీ విడదీసి, దాని గుండా ఒక బల్బు వెలిగిస్తారు. బల్బు వెలుగుతుండగా తీగ రెండు కొసల మధ్య ఓల్టేజి కొలుస్తారు. మంచి తీగకు అది సున్నాకు దగ్గరగా ఉంటుంది. పెరిగిందంటే తీగ లోపల తినేసినట్టే. ఇంజన్ నడుస్తుండగా ఒకరు వైరింగును జానెడు జానెడు కదుపుతుంటే ఇంకొకరు స్కానర్‌లో అంకెలు చూస్తారు. అంకె ఎక్కడ ఎగిరిపడితే అక్కడ ఆగుతారు.

రిపేరు అయ్యాక లైటు ఆరిందని తాళాలు ఇచ్చేయరు. జబ్బు వచ్చిన పరిస్థితిలోనే, అదే తడి, అదే లోడు మీద బండి తిప్పి చూస్తారు.

ఓపిక లేనివాళ్లకు అడ్డదారి ఉంది. సెన్సర్‌ను మాయచేసే చిన్న పెట్టె తగిలిస్తే లైటు రాదు, యూరియా ఖర్చూ ఉండదు. విషవాయువు మాత్రం మన ఊళ్ల మీదికే వస్తుంది. ఓనర్లు ఆ దారి పట్టడానికి ఒక కారణం మన బిల్లు పద్ధతి. సామాను మారిస్తే డబ్బిస్తాం, పూటంతా వెతికి చిలుము పట్టిన పిన్ను తుడిచి ఇస్తే ‘తుడవడానికి ఇంతా?’ అని బేరమాడతాం. వెతుకులాటకు కూలి కట్టివ్వడం ఓనర్లు అలవాటు చేసుకుంటే, మంచి సెన్సర్లు చెత్తకుప్పలోకి పోవు, ఈ విద్య నేర్చుకునే కుర్రాళ్లూ షెడ్డులో నిలబడతారు.