ఇంకో పట్టా వేద్దామా?

పామర్రు నుంచి చల్లపల్లి వెళ్లే రోడ్డు మీద, కూచిపూడికి అటూ ఇటూ, కమాన్లు కొట్టే షెడ్డు కోసం బోర్డు వెతకనక్కర్లేదు. సమ్మెట చప్పుడు పట్టుకుని పోతే చాలు. షెడ్డు ముందు ట్రాక్టరు ట్రక్కులు, ఇటుకల లారీలు, చేపల వ్యాన్లు వెనక భాగం జాకీల మీదికి ఎత్తుకుని నిలబడి ఉంటాయి. ఏ బండి వచ్చినా మేస్త్రీ మొదట అడిగేది ఒకటే: "ఇంకో పట్టా వేద్దామా అండీ?"

రెవెన్యూ ఆఫీసు పట్టా కాదిది. కమాను కట్టలో ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు బద్ద. డెల్టాలో ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. కోతల రోజుల్లో 75 కిలోల ధాన్యం బస్తాలు, వానాకాలంలో నల్లరేగడి గట్లు, చెరువుల నుంచి ఐసు కలిపిన చేపల లోడు. ఇక్కడ బండి అంటే మోసేది. మోయలేకపోతే పట్టా పెంచాలి. విజయవాడ ఆటోనగర్ నుంచి బందరు దాకా ఈ విద్య లారీ నేర్పిన విద్యే.

మరి అదే షెడ్డుకు పాత ట్రయంఫ్ స్పోర్ట్స్ కారు వస్తే?

మన వైపు ఆ ట్రయంఫ్ కుటుంబం నుంచి ఎక్కువగా కనిపించిన బండి స్టాండర్డ్ హెరాల్డ్. ఇంగ్లండ్‌లో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్‌గా వచ్చింది. ఆకారం గీసింది ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోట్టి. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ తయారుచేసింది. ఆ హెరాల్డ్ ఛాసిస్‌నే పొట్టి చేసి, 1962లో ఇంగ్లండ్‌లో రెండు సీట్ల ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ తీశారు. పైకి ఒకటి గుమాస్తా కుటుంబం కారు, ఇంకోటి కుర్రకారు కారు. వెనక కింద పడుకుని చూస్తే రెండింటిదీ ఒకటే వరస.

అంబాసిడర్‌కు వెనక ఒక్కో చక్రం పక్కన ఒకటి చొప్పున, పొడవునా రెండు కట్టలుంటాయి. హెరాల్డ్‌లో అలా కాదు. ఒకే కట్ట, అడ్డంగా, ఈ చక్రం నుంచి ఆ చక్రానికి. మధ్యలో డిఫరెన్షియల్ నెత్తిన నట్లతో బిగిస్తారు. స్పిట్‌ఫైర్‌లో ఆ నట్లు అందాలంటే సీట్ల వెనక కార్పెట్ ఎత్తి, అడుగున ఉన్న రేకు మూత విప్పాలి. కారు లోపల కూర్చుని కమాను విప్పడం మన మేస్త్రీలకు కొత్త వింత.

కట్ట అలిసిపోతే ఈ బండి దాచుకోలేదు. వెనక చక్రాల పైభాగాలు లోపలికి వాలతాయి, బరువు మోయలేక మోకాళ్లు విచ్చుకున్న మనిషిలా. కూచిపూడి వాళ్లకు ఈ పోలిక చాలు: నాట్యంలో సగం కూర్చునే అరమండిలో వంపు ఉంటేనే దూకిన పాదం నేలను మెత్తగా తాకుతుంది. వంపు పోయిన కమాను నిలువు కాళ్ల మీద దూకడమే.

ఇక్కడే మేస్త్రీ ప్రశ్న ప్రమాదం. ఐదు పట్టాల కట్టకు అదే పొడవు, అదే మందం ఉన్న పట్టా మరొకటి చేరిస్తే గట్టిదనం ఐదో వంతు పెరుగుతుంది. మందమే రెట్టింపు చేస్తే ఆ పట్టా ఎనిమిది రెట్లు బిగుస్తుంది. లారీకి అది బలం. తేలిక బండికి ఎత్తు, కుదుపు. పైగా హెరాల్డ్, స్పిట్‌ఫైర్‌లకు అది అసలు కూడదు. మలుపులో వేగంగా తిరిగితే వెనక భాగం పైకి లేచి, బయటివైపు చక్రం కిందికి ముడుచుకునే జబ్బు వీటికి పుట్టుకతోనే ఉంది. 1970లో వచ్చిన స్పిట్‌ఫైర్ నాలుగో మోడల్‌లో దీనికి మందు వేశారు. అడుగు పట్టాను మాత్రం గట్టిగా బిగించి, మిగిలినవి మధ్యలో ఊగేలా వదిలారు. పట్టా పెంచడం కాదు, బిగింపు సడలించడం ఆ మందు.

ఈ కాలమిస్టు ఇంట్లో ఒకప్పుడు అంబాసిడర్ ఉండేది. పెళ్లిళ్ల రోజుల్లో ఎక్కేవాళ్లు ఎక్కువని, ఒక షెడ్డులో రెండు వైపులా చెరో పట్టా ఎక్కువ వేయించారు. బండి తోక ఎత్తిన దూడలా తయారైంది. పెళ్లికి బయల్దేరితే ఉయ్యూరు రాకముందే అమ్మమ్మ దిగిపోయి ఆర్టీసీ బస్సు ఎక్కింది.

పాత పట్టాలనే కొట్టించి వంపు తెప్పించడం రెండో అలవాటు. చల్లటి ఉక్కును సమ్మెటతో కొడితే వంపు వస్తుంది, కొన్నాళ్లకే పోతుంది. సరైన పని వేరు: కాల్చి, వంచి, నూనెలో ముంచి, అలా వచ్చిన పెళుసుదనం పోయేలా మళ్లీ తగినంత వేడిచెయ్యాలి. ఆ వేడి కొలిచే కన్ను ఉన్న మేస్త్రీ దొరికితే చేయి వదలకండి. దొరక్కపోతే కొత్త కట్టే మేలు. బందరు ఉప్పుగాలికి పట్టాల మధ్య తుప్పు పొరలు పొరలుగా లేచిన కట్టకు ఏ సమ్మెటా పనికిరాదు.

అమెరికా కథ ఇంకోలా నడిచింది. అక్కడి 1963 కార్వెట్ స్పోర్ట్స్ కారుకూ వెనక అడ్డకమానే. 1981లో ఆ ఉక్కు పట్టాల కట్ట స్థానంలో ఫైబర్‌గ్లాస్‌తో చేసిన ఒకే ఒక్క బద్ద వచ్చింది. బరువు దాదాపు 19 కిలోల నుంచి 4 కిలోల లోపుకు దిగింది. అడ్డకమాను పాతకాలపు మోటు పని అనేవాళ్లు, 2019 దాకా ఆ కారు కింద అదే ఉందని గుర్తుంచుకోవాలి.

మళ్లీ మన షెడ్డుకొస్తే, కట్ట విప్పేటప్పుడు జాగ్రత్త ఒకటే, కానీ పెద్దది. జాకీ ఎక్కించాక చక్రాలు వేలాడినా కట్టలో బిగువు పూర్తిగా పోదు. చివరి బోల్టు తీసేముందు చక్రం కింద జాకీ ఆనించి ఆ బిగువు పట్టాలి. తల ఎప్పుడూ కట్టకు ఎదురుగా ఉండకూడదు. తుప్పు పట్టిన బోల్టులకు ముందురోజు రాత్రే నూనె పోసి వదిలితే, తెల్లారి గ్యాస్ కట్టర్ అవసరం సగం తగ్గుతుంది.

బిగించేటప్పుడు చాలా షెడ్లలో జరిగే పొరపాటు: బండి గాల్లో ఉండగానే కట్ట చివర చెవుల బోల్టులు బిగించెయ్యడం. అప్పుడు లోపలి రబ్బరు బుష్ ఆ వేలాడే స్థితిలోనే అతుక్కుంటుంది. బండి దించగానే మెలితిరిగి, నెలల్లో చిరుగుతుంది. బండిని నేల మీదికి దించి, ముందు సీట్లలో మనుషుల బరువు పెట్టాకే చివరి బిగింపు. మనుషులు దొరక్కపోతే సీటుకో ధాన్యం బస్తా పెట్టండి, సరిపోతుంది. 500 కిలోమీటర్లు తిరిగాక అన్ని నట్లూ మరోసారి చూసుకోవాలి. కూచిపూడి నుంచి విజయవాడకు రానూపోనూ నాలుగు సార్లు వెళ్లొస్తే ఆ లెక్క ఇంచుమించు పూర్తవుతుంది.