లావు అక్షరం ఎవరి పక్షం?

శిల్పానికి వర్గస్వభావం ఉంటుందా, ఉండదా అన్న చర్చ మనకు కొత్తది కాదు. ఉంటుందన్నవారు ఛందస్సును ఫ్యూడల్ అవశేషంగా తోసిపుచ్చారు. ఉండదన్నవారు వస్తువు మంచిదైతే చాలన్నారు. ఈ చర్చను నేను కావ్యం నుంచి కాక, కావ్యాన్ని మోసే అచ్చక్షరం నుంచి మొదలుపెట్టదలిచాను. అందుకు కారణం మా తొమ్మిదో తరగతి కుర్రాడి చొక్కా.

ఒక ఆదివారం బడి తోటకు నీళ్లు పట్టడానికి వచ్చిన ఆ అబ్బాయి సంతలో కొన్న చొక్కా తొడుక్కున్నాడు. ఛాతీ మీద ఎర్రటి పట్టీ, అందులో కాస్త ముందుకు వాలిన తెల్లటి లావు ఇంగ్లీషు అక్షరాలు: 'సుప్రీమ్'. అర్థం ఏమిట్రా అంటే, "అది మోడల్ సార్" అన్నాడు. ఆ అక్షరాలను నేను అంతకుముందే ఒక ఉద్యమ పోస్టరులో చూసి ఉన్నాను.

ఆ అక్షర కుటుంబం పేరు ఫ్యూచురా. జర్మనీకి చెందిన పాల్ రెన్నర్ దీన్ని రూపొందించగా, ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బావర్ టైప్ ఫౌండ్రీ 1927లో విడుదల చేసింది. ఇది సాన్స్ సెరిఫ్ రకం. అంటే గీతల కొసన చిన్న అడ్డుగీతలు ఉండవు. వృత్తం, త్రిభుజం, సరళరేఖ దీనికి ఆధారం. అలాగని ఇది గతాన్ని పూర్తిగా కాదనలేదు. దీని పెద్దక్షరాల కొలతలు ప్రాచీన రోమన్ శిలాశాసనాల నుంచి వచ్చినవే. కొత్తదనమంటే పాతదాన్ని తుడిచెయ్యడమే అనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

రెన్నర్ చరిత్ర కూడా గమనార్హమైనదే. నాజీల సాంస్కృతిక విధానాన్ని ఖండిస్తూ 1932లో ఆయన ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. 1933లో అరెస్టయ్యాడు, మ్యూనిక్ ముద్రణ పాఠశాలలో పదవి కోల్పోయాడు. జర్మన్ జాతీయతకు గుర్తుగా నాజీలు నెత్తికెత్తుకున్నది ఫ్రాక్టూర్ అనే పాత కోణాల లిపిని. ఆ లిపినే 1941లో యూదుల లిపి అని ముద్రవేసి వాళ్లే నిషేధించారు. పాలకులకు ఏ శిల్పం మీదా శాశ్వత ప్రేమ ఉండదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

ఫ్యూచురా మాత్రం సముద్రం దాటింది. 1959లో అమెరికాలో ఫోక్స్‌వాగన్ కార్ల ప్రకటనలకెక్కింది. 1969లో అపోలో 11 చంద్రుడి మీద వదిలివచ్చిన ఫలకం మీదికీ ఎక్కింది. నాజీలను ఎదిరించినవాడి అక్షరం వ్యాపారానికి, రాజ్యానికి గొంతు అయింది.

అయితే శిల్పం తటస్థమైనదేనా? కాదంటాను. అక్షరాన్ని లావు చేస్తే దాని లోపలి ఖాళీ తగ్గిపోతుంది. అలాంటి అక్షరాలతో ఒక పేరా చదవడం కంటికి కష్టం. నాలుగు మాటలు మాత్రం దూరం నుంచే పట్టుకుంటాయి. ఎర్రటి సిరా మధ్య తెల్లగా వదిలినా, సన్నగీతల అక్షరాల్లా సిరా పాకి పూడిపోవు. కనుక ఇది శీర్షికకు, గోడకు, నినాదానికి పనికొచ్చే అక్షరం. ఆజ్ఞాపించడం దీని స్వభావం. సందేహించడం దీనికి చేతకాదు.

ఈ స్వభావాన్ని బాగా ఎరిగిన కళాకారిణి బార్బరా క్రూగర్. అమెరికన్ పత్రికల్లో డిజైనరుగా పనిచేసిన ఆమె, ఈ వాలు లావు అక్షరాన్నే తీసుకుని ప్రకటనల గొంతును ప్రకటనల మీదికే తిప్పింది. 1989లో గర్భస్రావ హక్కు కోసం వాషింగ్టన్‌లో జరిగిన ప్రదర్శనకు ఆమె చేసిన పోస్టరులో ఒక స్త్రీ ముఖం నిలువునా రెండుగా చీలి ఉంటుంది. స్త్రీ దేహం మీద యుద్ధం జరుగుతోందని దాని మీది వాక్యం ఆ స్త్రీతోనే చెబుతుంది. ఆజ్ఞాపించే అక్షరంలో నిలదీసే వాక్యం! శిల్పానికీ వస్తువుకూ మధ్య ఉన్న ఈ ఘర్షణలోనే దాని బలమంతా ఉంది.

1994లో న్యూయార్క్‌లో మొదలైన సుప్రీమ్ అనే బట్టల సంస్థ ఈ ఎర్ర పట్టీనీ, ఫ్యూచురా కుటుంబానికే చెందిన వాలు అక్షరాన్నీ తన ముద్రగా చేసుకుంది. 2013లో, తన ముద్రను అనుకరించారంటూ మరొక సంస్థ మీద తానే కోర్టుకెక్కింది! 2020లో 210 కోట్ల డాలర్లకు అమ్ముడయింది. ఇంతకూ పెట్టుబడి క్రూగర్ దగ్గర్నుంచి తీసుకున్నదేమిటి? రంగు, వాలు, లావు. వాక్యాన్ని మాత్రం తీసుకోలేదు. అది దానికి కొరుకుడుపడదు. వాక్యం పోయాక మిగిలింది బిగ్గరతనం. బిగ్గరతనాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు.

ఇది మన కవిత్వానికీ వర్తిస్తుంది. నెత్తురు, పిడికిలి, సూర్యోదయం అంటూ ఒకప్పుడు నేనూ రాశాను. అవి లావు అక్షరాలే. వాటి కింద ఒక కూలి బతుకు గురించి, ఒక అప్పు గురించి, ఒక నిర్దిష్టమైన అన్యాయం గురించి వాక్యం లేకపోతే, రేపు ఎన్నికల ప్రకటన రాసేవాడు ఆ మాటల్ని ఇబ్బంది లేకుండా ఎత్తుకుపోతాడు. శిల్పానికి స్వభావం ఉంది, పక్షం లేదు. పక్షం వాక్యానిది.

మొన్న మా బడి గోడపత్రికకు శీర్షిక రాసే పని ఆ కుర్రాడికే అప్పగించాను. అట్ట మీద ఎర్ర పట్టీ చక్కగా గీసి, తెల్లరంగులో కుంచె ముంచి, నావైపు తిరిగి "ఏం రాయమంటారు సార్?" అన్నాడు. మనం శిల్పచర్చ మొదలుపెట్టవలసింది కూడా అక్కడినుంచే.