లాలాజల గ్రంథి కణుతుల జన్యుసూచికలు: నిర్ధారణ నుంచి రోగగతి అంచనా దాకా

లాలాజల గ్రంథుల కణుతులు సంఖ్యలో తక్కువ, రకాల్లో ఎక్కువ. చెవి ముందుండే పరోటిడ్ గ్రంథి మొదలుకొని అంగిలిలోని చిరుగ్రంథుల దాకా ఎక్కడైనా పుట్టవచ్చు. సూక్ష్మదర్శిని కింద ఒక రకం మరొక రకాన్ని పోలి ఉంటుంది. అందుకే గత రెండు దశాబ్దాల్లో జన్యుసూచికలపై వెలువడిన పరిశోధనకు విశేషమైన ఆదరణ లభించింది. ఆ ఆదరణ చాలావరకు సముచితమే. అయితే ఈ పరిశోధన ఒకే సూచికకు రెండు పనులు అప్పగిస్తూ వచ్చింది: వ్యాధి ఏదో చెప్పడం, అది ఎటు పోతుందో చెప్పడం. మొదటి పనికి ఉన్న సాక్ష్యబలం రెండో పనికి లేదన్నది ఈ వ్యాసంలోని వాదన. ఆయుర్వేద పరిభాషలో నిదానమూ సాధ్యాసాధ్యతా వేర్వేరు మాటలు. ‘మార్కర్’ అనే ఒక్క మాట ఆ రెంటి మధ్య గీతను చెరిపేసింది.

నిర్ధారణలో సాధించినది గణనీయం. 2010లో చెక్ శాస్త్రవేత్త అలెనా స్కాలోవా బృందం, అంతవరకు ఎక్కువగా ఎసినిక్ సెల్ కార్సినోమా కింద లెక్కకు వస్తున్న కొన్ని కణుతుల్లో ఈటీవీ6–ఎన్‌టీఆర్‌కే3 సంలీన జన్యువును గుర్తించింది. రెండు జన్యువుల ముక్కలు అతుక్కొని ఏర్పడిన ఈ సంలీనం రొమ్ములో వచ్చే సెక్రెటరీ కార్సినోమాలో అప్పటికే తెలిసినదే. 2017 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ అదే పేరుతో లాలాజల గ్రంథుల్లోనూ దీన్ని ప్రత్యేక వ్యాధిగా స్వీకరించింది. 2018లో ఎన్‌టీఆర్‌కే సంలీనమున్న కణుతులకు, అవి ఏ అవయవంలో పుట్టినా, లారోట్రెక్టినిబ్ అనే మందును అమెరికాలో అనుమతించారు. దానితో ఇక్కడ పేరు మారడం చికిత్స మారడం కూడా అయింది.

రోగగతి అంచనాకు వచ్చేసరికి కథ ఇంత తేటగా లేదు. మ్యూకోఎపిడెర్మాయిడ్ కార్సినోమాలో 11, 19 క్రోమోజోముల ముక్కలు తారుమారై ఏర్పడే సీఆర్‌టీసీ1–ఎంఏఎంఎల్2 సంలీనం 2003లో వెల్లడైంది. ఈ సంలీనమున్న రోగులు లేనివారికంటే ఎక్కువకాలం జీవిస్తున్నారని 2006 ప్రాంతపు అధ్యయనాలు తేల్చగా, ‘అనుకూల సూచిక’ అన్న పేరు స్థిరపడిపోయింది. ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒకటుంది: సంలీనం లేని వర్గంలో ఉన్నవారెవరు? ఉన్నత గ్రేడు కణుతులను తిరిగి పరిశీలించినప్పుడు, వాటిలో కొన్ని అసలు ఆ వ్యాధే కావని, శాలివరీ డక్ట్ కార్సినోమా, ఎడినోస్క్వామస్ కార్సినోమా వంటి మరింత తీవ్రమైన క్యాన్సర్లని తేలింది. చెరిగిన బియ్యాన్ని చెరగని బియ్యం పక్కన పెట్టి, రుచిలో తేడా వడ్ల రకానిదే అన్నట్టుంది ఆ పోలిక. పైగా ఈ సంలీనం తక్కువ, మధ్యమ గ్రేడు కణుతుల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. గ్రేడునూ వ్యాధి దశనూ లెక్కలోకి తీసుకున్నాక దానికి స్వతంత్ర ప్రభావం ఉందన్న వాదన తర్వాతి అధ్యయనాలన్నింటిలో నిలబడలేదు.

ఇది గణాంకాల తగవు మాత్రమే కాదు. సంలీనం ఉందన్న నివేదికను చూసి ఉన్నత గ్రేడు కణితికి శస్త్రచికిత్స తర్వాతి రేడియేషన్‌ను తగ్గిస్తే, ఆ మూల్యం రోగిది. సంలీనం లేదన్న భయంతో, ముఖనాడి పక్కనే ఉన్న చిన్న కణితికి అవసరానికి మించిన కోత పెడితే, వంకరపోయేది రోగి ముఖం.

ఎడినాయిడ్ సిస్టిక్ కార్సినోమాది మరో చిక్కు. 2009లో వెలువడిన ఎంవైబీ–ఎన్ఎఫ్ఐబీ సంలీనం నిర్ధారణకు బాగా ఉపకరిస్తోంది. కానీ ఈ వ్యాధి పదిహేనేళ్ల తర్వాత కూడా ఊపిరితిత్తుల్లో తిరిగి కనిపించగలదు. అయిదేళ్ల మనుగడ రేటును కొలబద్దగా తీసుకున్న ఏ సూచికైనా ఇక్కడ సగం కథే చెబుతుంది. అయినా ఆ కొలబద్దనే మన వ్యాసాలు అలవాటుగా వాడుతున్నాయి.

ఈ వ్యాధిలోనే నాచ్1 జన్యువును క్రియాశీలం చేసే ఉత్పరివర్తనల మీద 2017లో వచ్చిన పరిశోధన భిన్నమైనది. అవి ఉన్న కణుతులు ఎక్కువగా ఘనరూపంలో ఉండి, కాలేయానికీ ఎముకలకూ పాకే గుణం చూపాయి. అక్కడ పోల్చినది ఒకే వ్యాధిగల రోగులను. సూచిక వారిని వేరు వ్యాధుల్లోకి పంచలేదు, ఒకే వ్యాధిలోని తీవ్రతను చూపింది. రోగగతి సూచికగా దాని వాదన మ్యూకోఎపిడెర్మాయిడ్ సంలీనం వాదన కంటే బలంగా నిలవడానికి కారణం ఇదే. అయితే వ్యాధి అరుదైనది గనుక, ఆ బలం ఇంకా కొద్దిమంది రోగుల మీదే ఆధారపడి ఉంది.