బాల ఘటోత్కచుడి ఏనుగు పిల్ల

పిల్లవాడికీ జంతువుకీ స్నేహం కుదిరిన సినిమా వస్తే మన ఇళ్లలో తాతలూ మనవలూ కలిసే చూస్తారు. 1972లో వచ్చిన ‘పాపం పసివాడు’ను తలుచుకుంటే ఆ తరం వాళ్లకు ఇప్పటికీ ఎడారిలో తప్పిపోయిన బాబూ, వాడి కుక్కా కళ్ల ముందు మెదులుతారు. ఆ సినిమాలో కుక్క నిజం కుక్క. బొమ్మల సినిమాకు ఆ వెసులుబాటు లేదు. తోక ఊపడం దగ్గర్నుంచి ఊపిరి తీయడం దాకా జంతువునంతా మనిషే పుట్టించాలి. ఇంత పనితనం ఉన్న కళను పిల్లల కాలక్షేపమని పక్కన పెట్టేస్తే నాకు బాధగా ఉంటుంది.

మన తెలుగు దర్శకుడే తీసిన ‘ఘటోత్కచ్’ (2008) చూడండి. సింగీతం శ్రీనివాసరావు ‘మాయాబజార్’ (1957) నాటికి కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడు. లడ్లు వాటంతటవే ఎగిరివచ్చి ఘటోత్కచుడి వేషంలోని ఎస్వీ రంగారావు నోట్లో పడటాన్ని దగ్గరుండి చూసిన తరం ఆయనది. యాభై ఏళ్ల తర్వాత అదే పాత్ర బాల్యాన్ని బొమ్మల్లో చెప్పబూని, ఆ పిల్లవాడికి నేస్తంగా ఏనుగు పిల్లను తెచ్చారు. ఆ ఎంపికలోనే ఉంది అనుభవం. చెట్లు పెరికే బలమున్న పిల్లాడి పక్కన కుక్కపిల్లనో కుందేలునో పెడితే, వాడు ముద్దు చేసినప్పుడల్లా దానికేమవుతుందోనని మన ప్రాణం కొట్టుకుంటుంది. ఏనుగు పిల్లయితే తోసినా తట్టుకుంటుంది, తిరిగి తోస్తుంది కూడా. ఆట సాగాలంటే ఇద్దరి బరువూ సరితూగాలి.

బరువును చూపించడమే ఈ కళలో అసలు కష్టం. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు పరుగెడతాయి. చేత్తో గీసే పద్ధతిలో ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా సెకనుకు పన్నెండు బొమ్మలు కావాలి. అనుభవమున్న చిత్రకారుడు ముఖ్యమైన భంగిమలు గీస్తాడు, మధ్యలో వచ్చేవి సహాయకులు పూరిస్తారు. కంప్యూటర్ వచ్చాక గీత పోయి అస్థిపంజరం వచ్చింది, కీళ్లు వచ్చాయి. కానీ పాదం నేలకు ఆనినప్పుడు ఒంటి బరువు ఎటు ఒరగాలో ఇప్పటికీ మనిషే చెప్పాలి.

అది నేర్చుకోవడానికి పుస్తకాల కంటే జూ మేలు. హైదరాబాద్‌లోని మా కంచన్‌బాగ్ పిల్లలకు బహదూర్‌పురాలోని నెహ్రూ జూపార్కు దూరమేమీ కాదు. 1963 నుంచీ పాతబస్తీ పిల్లలు అక్కడ ఏనుగును కళ్లారా చూస్తున్నారు. ఈసారి వెళ్తే తొండం వదిలేసి కాళ్లు మాత్రమే చూడండి. వెనక కాలు కదిలాక అదే వైపు ముందు కాలు లేస్తుంది. వెనక పాదం వచ్చి ముందు పాదం వదిలిన చోటికి దగ్గరగా పడుతుంది. ఎంత తొందరలో ఉన్నా నాలుగు కాళ్లూ ఒక్కసారి గాల్లోకి లేవవు. గుర్రంలా దూకే ఏనుగును గీశారంటే ఆ గీసినవాళ్లు ఏనుగును చూడలేదని నేననుకుంటాను. తప్పెక్కడుందో పిల్లలు చెప్పలేరు, కానీ ఆ ఏనుగును నమ్మరు.

బొమ్మను నమ్మించేది దాని కదలికేనన్న సంగతి మన తోలుబొమ్మలాట వాళ్లకు ఎప్పుడో తెలుసు. మేకతోలు మీది వెంట్రుకలు తీసి, వెలుగు దూరేంత పలుచగా గీకి, ఉలితో సన్నని రంధ్రాలు కొట్టి, రెండు వైపులా రంగులద్దుతారు. అవయవాలను విడిగా కోసి కీళ్ల దగ్గర దారంతో ముడివేస్తారు. బొమ్మను తెరకు ఆనిస్తే గీత గీతా స్పష్టం. దీపం వైపు కాస్త లాగితే అదే బొమ్మ మసకబారి పెద్దదవుతుంది. ఆడించే మనిషే పాడతాడు, మాట్లాడతాడు కాబట్టి చేతికీ గొంతుకీ ఎడం ఉండదు. స్టూడియోలో మామూలుగా గొంతు ముందు రికార్డవుతుంది, బొమ్మ దాన్ని వెతుక్కుంటూ వెళ్లాలి. 2020లో నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది. ఆ ఊరి వాళ్లను మన యానిమేషన్ కాలేజీలు పిలిచి పాఠాలు చెప్పించుకోవాలి. సన్మానాలకు పిలిచి శాలువా కప్పి పంపడం సరిపోదు.

చేయి తిరిగినవాళ్లకు హైదరాబాద్‌లో కొదవ లేదు. మౌగ్లీని టీవీకి తెచ్చిన ‘ది జంగిల్ బుక్’ ధారావాహిక వెనక ఇక్కడి డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ ఉంది. 2013లో విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ అందుకున్న ‘లైఫ్ ఆఫ్ పై’కి రిథమ్ అండ్ హ్యూస్ హైదరాబాద్ స్టూడియో కూడా పనిచేసింది. పడవలో కుర్రాడితో మిగిలిన ఆ పులి చాలా షాట్లలో కంప్యూటర్లో పుట్టినదే. రాజీవ్ చిలక ‘ఛోటా భీమ్’ పుట్టిందీ ఈ ఊళ్లోనే, భీమ్ పక్కన గెంతే కోతి జగ్గూ మాటలు మా వీధి పిల్లలకు కంఠతా వచ్చు. జగ్గూ అంటే నాకూ ఇష్టమే. అయినా మాట్లాడే కోతి పని కొంత సులువు, మనసులో మాట నోటితో చెప్పేస్తుంది. మూగజీవి చెవి కదిలించి, మెడ తిప్పి, ఒక్క క్షణం ఆగి అదే మాట చెప్పాలంటే చిత్రకారుడి దమ్ము తెలుస్తుంది.

అలాంటి మూగజీవి మన గుమ్మంలోకే వస్తుంది. సంక్రాంతికి సన్నాయి ముందు నడవగా, బొంతలూ గవ్వలూ మువ్వలూ వేసుకుని గంగిరెద్దు వాకిట్లో నిలబడుతుంది. అయ్యగారికి దండం పెట్టమంటే తలూపుతుంది. దాని మెడలో చేయి వేసి, ఊరూరా దానితో నడిచి, దాని పక్కనే నిద్రపోయే పిల్లవాడు ఆ ఎద్దును ఆడించేవాళ్ల ఇంట్లో ఉండనే ఉంటాడు. వాళ్లిద్దరి కథను నిండు నిడివి బొమ్మల సినిమాగా తీయమని మన స్టూడియోలను అడుగుతున్నాను.